ఎంఆర్‌ఐ ఫిల్ములో తెల్లమచ్చ: అపోహలు, వాస్తవాలు

"సార్, ఈడ తెల్లగా కనపడ్తాంది సూడండి. క్యాన్సరే కదా?"

కర్నూలులో ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌గా వారంలో ఒకసారైనా ఈ మాట వింటాను. మొన్న ఆదోని నుంచి వచ్చినాయన ఒకే ఒక్క ఫిల్ముని కిటికీ వెలుతురుకు పట్టి, నడుం పూసలో చిక్కుడు గింజంత మచ్చ మీద వేలు పెట్టాడు. ఊళ్లో ఎవరో చెప్పారంట. బెంగళూరు పోయేదానికి ఇంట్లోవాళ్ల గాజులు కుదువ పెట్టొచ్చాడు.

అపోహ: తెల్లగా ఉంటే రోగమే.

వాస్తవం: ఒకే చోటుకు రకరకాల పద్ధతుల్లో బొమ్మలు తీస్తాం, వాటినే సీక్వెన్సులంటాం. టీ1 అనే సీక్వెన్సులో కొవ్వు తెల్లగానే వస్తుంది. మామూలుగా తీసే టీ2లో కొవ్వూ తెలుపే, నీరూ తెలుపే. అందుకే కొవ్వు తెలుపును అణచి, స్టిర్ లాంటి మరో సీక్వెన్స్ తీస్తాం. అందులో మచ్చ నల్లబడితే అది కొవ్వు. తెల్లగానే మిగిలితే నీరుంది, వాపో ఇంకేదో డాక్టరు తేల్చాలి. ఈయనది స్టిర్‌లో పూర్తిగా నల్లబడింది. రిపోర్టులోనూ ఎముక మజ్జలో కొవ్వనే ఉంది. నొప్పి డిస్కుది. ఆ స్టిర్ ఫిల్ము ఇంట్లో బీరువా మీదుందంట! రెండో అభిప్రాయానికి పోతే అన్ని ఫిల్ములూ, సీడీ కూడా పట్టుకుపోండయ్యా. సగం ఫిల్ములతో పోతే మళ్లీ స్కాన్ చేయించమంటారు, డబ్బు దండగ.

స్టిర్ కాక, కొవ్వునూ నీటినీ విడదీసే ఇంకో పద్ధతీ ఉంది. 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రంలో గిర్రున తిరిగే హైడ్రోజన్‌లో, కొవ్వులోనిది నీటిలోని దానికంటే సెకనుకు సుమారు 220 చుట్లు వెనకబడుతుంది. గడియారం ముళ్లలాగా ఒకసారి కలుస్తాయి, ఒకసారి ఎదురెదురవుతాయి. ఆ రెండు క్షణాల్లో రెండు బొమ్మలు తీసి, రెండూ కూడితే నీటి బొమ్మ, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే కొవ్వు బొమ్మ వస్తాయి. 1984లో డిక్సన్ అనే శాస్త్రవేత్త చెప్పిన కిటుకిది.

అపోహ: కొవ్వు అణచడమంటే సూదేసి కరిగించడం. కాదు, అదంతా యంత్రంలోని పనే.

అపోహ: రేడియేషన్ ఉంటుంది. ఎక్స్‌రే, సీటీల్లో ఉండేది ఇందులో లేదు.

అపోహ: సన్నగా ఉన్నోళ్ల లివర్‌లో కొవ్వుండదు. ఉంటుంది.

ఇక లోహం సంగతి. అన్నీ తీసేశామంటారు, మొలతాడు మాత్రం మరిచిపోతారు. దగ్గర్లో లోహముంటే అయస్కాంత క్షేత్రం చెడి, కొన్ని సీక్వెన్సుల్లో అక్కడ కొవ్వు అణగకుండా తెల్లగా మిగిలిపోతుంది, అచ్చం వాపులాగే. కొత్తలో నేనూ ఒక పెద్దాయన బొమ్మలో అట్లాంటి మచ్చ చూసి చెమటలు కక్కాను. తీరా చూస్తే మొలతాడుకు తాయెత్తు! విప్పించి మళ్లీ తీస్తే మచ్చ లేదు. ఆ పెద్దాయన బయటికొచ్చి, రిపోర్టు సంగతి ఎత్తకుండా ముందు తాయెత్తే అడిగి తీసుకున్నాడు.