బీడు పగిలితే నికెల్ రాడ్డే ఎందుకు?

ఊడ్పుల సీజన్లో ఆమదాలవలస వైపు ఏ వెల్డింగ్ షాపు దగ్గర ఆగినా పగిలిన బీడు (పోత ఇనుము) సామాను కనిపిస్తుంది, పంపు బాడీయో, చెరకు గానుగ ఫ్రేమో. రైతు అడిగేది ఒకటే: "మామూలు రాడ్డుతో అతికించెయ్యొచ్చు కదా బాబూ, ఆ నికెల్ రాడ్డుకి అంత రేటెందుకు?" న్యాయమైన ప్రశ్నే.

బీడు అంటే ఇనుములో 2 నుంచి 4 శాతం కార్బన్, తోడుగా కాస్త సిలికాన్. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరిగితే, ఇది 1200 లోపే కరిగి పల్చగా అచ్చులోకి పారుతుంది, అందుకే చవక. చల్లారేటప్పుడు ఆ కార్బన్ సన్నటి గ్రాఫైట్ రేకులుగా విడిపోతుంది. లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే మెషిన్) మీద రాలే పొడి చేతికి నల్లగా అంటుకునేది దానివల్లే. ఆ రేకుల్ని లోపల ముందే ఉన్న పగుళ్లనుకోండి. నొక్కితే మూసుకుంటాయి, లాగితే వాటి కొనల దగ్గరే చీలిక మొదలవుతుంది. కాబట్టి నొక్కుడుకి ఎంత ఓరుస్తుందో అందులో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే లాగుడుకి ఓరుస్తుంది. కానీ మెషిన్ వణుకుని మింగేసేవి కూడా ఆ రేకులే, లేత్ బెడ్లు ఇప్పటికీ బీడుతో పోసేది అందుకే. బీడుని పెళుసు అని తీసిపారేసేవాళ్లు ఈ సగం చూడరు.

దాని మీద స్టీలు రాడ్డు పెడితే, కరిగిన స్టీలు బీడులోని కార్బన్‌ని లాగేసుకుని, చుట్టూ ఉన్న చల్లటి లోహం వల్ల గబుక్కున చల్లారి విపరీతంగా గట్టిపడుతుంది. కాసేపటికి టక్‌మని అతుకు పక్కనే కొత్త పగులు.

నికెల్ కార్బన్‌తో కలిసి గట్టి కార్బైడ్‌లు కట్టదు, ఎక్కువైన కార్బన్‌ని గ్రాఫైట్‌గానే వదిలేస్తుంది. తను మెత్తగా సాగుతూ, చల్లారేటప్పటి లాగుడుని తనే భరిస్తుంది. అయినా అతుకు పక్కనున్న బీడు గట్టిపడే ప్రమాదం పూర్తిగా పోదు, అందుకే తెలిసిన వెల్డర్ అంగుళం మేర కుట్టు వేసి, వేడి మీదే చిన్న సుత్తితో తట్టి, ఆగి, మళ్లీ ఇంకోచోట వేస్తాడు, చివర్లో ఇసుకలో కప్పి నిదానంగా చల్లారనిస్తాడు. ఈ ఓపిక లేకపోతే రాడ్డు డబ్బులు దండగే.

మరి పంపు మొత్తం నికెల్ మిశ్రమంతోనే చేస్తే? ఇన్‌కొనెల్ 718 లాంటిది 650 డిగ్రీల్లోనూ బలం నిలబెట్టుకుంటుంది; బీడు 450 దాటితే మెల్లగా ఉబ్బి చెడుతుంది. పొలం పంపుకి ఆ వేడి ఎక్కడిది? పైగా ఇన్‌కొనెల్ వేడిని బీడులో నాలుగో వంతు కూడా లాగదు, కోసే కొద్దీ గట్టిపడుతుంది, లేత్ టూలు మాడిపోతుంది.

ఉప్పునీళ్ల దగ్గర మాత్రం కథ వేరు. కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల సముద్రపు నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్న బీడు పైకి చెక్కుచెదరనట్టే ఉంటుంది, లోపల ఇనుము కరిగిపోయి గ్రాఫైట్ మిగులుతుంది. పారే ఉప్పునీళ్లకి మోనెల్ బాగా తట్టుకుంటుంది, అందులో మూడింట రెండొంతులు నికెల్, మిగతాది ఎక్కువగా రాగి. అలాంటి పాత బీడుని అతికించే ముందు చాకుతో గీకి చూడండి. మెత్తగా లేచి వచ్చిందా, ఇక దానికి ఏ రాడ్డూ పట్టదు, కొత్తది పోయించుకోవాల్సిందే.