బీరువా నిండా ఇనుము, రక్తంలో కరువు

కీళ్ళవాతం ఉన్నవాళ్ల ఇళ్లలో తరచు వినిపించే ప్రశ్న: "నెలల తరబడి ఐరన్ మాత్రలు, ఖర్జూరాలు, బీట్‌రూట్ జ్యూస్... అయినా హిమోగ్లోబిన్ 9 దాటదేం?"

బీట్‌రూట్ సంగతి ముందే తేల్చేద్దాం. దాని ఎరుపు బెటానిన్ అనే రంగుది. రక్తం ఎరుపుతో దానికి ఏ చుట్టరికమూ లేదు.

అసలు కారణం ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6) అనే ప్రోటీన్. కీళ్ళవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో వాచిన కీలుపొర సైటోకైన్లను, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే ప్రోటీన్ కబుర్లను, ఆగకుండా విడుదల చేస్తుంటుంది. టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-17 అంటూ పట్టిక ఇచ్చి బట్టీ పట్టిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక్కదాని వెంటపడితే చాలు. ఐఎల్-6 కీలులో పుట్టినా అక్కడే ఉండదు. రక్తంలో పడి కాలేయానికి చేరి, అక్కడ జాక్-స్టాట్3 అనే సంకేతాల దారిలో హెప్సిడిన్ అనే 25 అమైనో ఆమ్లాల బుల్లి హార్మోన్‌ను తయారుచేయిస్తుంది.

ఎర్ర రక్తకణాల తయారీకి ఎముక మజ్జకు రోజుకు 20-25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పేగు నుంచి వచ్చేది 1-2 మిల్లీగ్రాములే. మిగతాదంతా పాత సామానే. 120 రోజుల ఆయుష్షు తీరిన కణాలను ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు అనే మింగుడు కణాలు మింగి, అందులోని ఇనుమును తిరిగి రక్తంలోకి వదులుతాయి. ఆ ఇనుము బయటికి రావడానికి ఉన్నది ఒకటే తలుపు, ఫెర్రోపోర్టిన్. హెప్సిడిన్ వచ్చి దానికి అతుక్కోగానే కణం ఆ తలుపును లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. తాళం వేయడం కాదిది, తలుపునే పీకి గోడ కట్టేయడం. మళ్లీ తెరవాలంటే కొత్త తలుపు చేసుకోవాల్సిందే.

పేగు కణానికి రక్తం వైపున ఉండేదీ ఇదే తలుపు. మాత్రలోని ఇనుము ఆ కణంలోకి వెళ్తుంది, అవతలికి దాటలేదు. మూడు నాలుగు రోజుల్లో ఆ కణం రాలిపోతుంది, ఇనుమూ దానితోపాటే మలంలో పోతుంది. మాత్ర ఖర్చు అక్కడికే!

2004లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతులకు ఐఎల్-6 ఎక్కించి చూశారు. ఎక్కించిన రెండు గంటల్లోనే మూత్రంలో హెప్సిడిన్ సగటున 7.5 రెట్లు పెరిగింది, రక్తంలో ఇనుము 30 శాతానికి పైగా పడిపోయింది.

శరీరం ఇంత పిచ్చిపని ఎందుకు చేస్తుందంటే, సూక్ష్మజీవులకూ ఇనుము కావాలి గనక. వారం రోజుల జ్వరంలో వాటికి అందకుండా ఇనుము బీరువా మూసేయడం తెలివైన పనే. కీళ్ళవాతంలో దొంగ (సూక్ష్మజీవి) లేడు, కానీ కాపలా ఏళ్ల తరబడి సాగుతుంది.

అందుకే హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మాత్రలు రాయడం పొరపాటు. ఫెర్రిటిన్ (నిల్వ ఉన్న ఇనుముకు కొలత), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో) రెండూ చూడాలి. శాచురేషన్ 20 శాతం లోపు ఉండి ఫెర్రిటిన్ 100 (మిల్లీలీటరుకు నానోగ్రాములు) దాటితే బీరువాలో సరుకుంది, తలుపే లేదు. ఫెర్రిటిన్ 30 లోపు ఉంటే నిజమైన కొరత. 30-100 మధ్య ఉంటే రెండూ కలిసి ఉండొచ్చు. వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి "నార్మల్" అన్న మాటను నమ్మి కొరతను కొట్టిపారేయకూడదు. నొప్పి మాత్రలతో కడుపులో పుండు పడి, తెలియకుండా రక్తం పోతున్నవాళ్లలో ఈ కలగాపులగం మామూలే. మలం తారులా నల్లగా వస్తోందా అని అడగాలి, కాకపోతే ఐరన్ మాత్రలూ మలాన్ని నల్లబరుస్తాయి.

ఇనుము కొరతా రక్తస్రావమూ లేవని తేలితే, మందు వేయాల్సింది కీలు వాపుకే. మెథోట్రెక్సేట్‌తో వాపు తగ్గితే హిమోగ్లోబిన్ మెల్లగా ఎక్కుతుంది (ఈ మందు వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేసుకుంటే మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది). ఐఎల్-6 గ్రాహకాన్నే మూసేసే టోసిలిజుమాబ్‌తో ఇంకా స్పష్టంగా పెరుగుతుంది. అక్కడో మెలిక ఉంది. వాపును రక్తపరీక్షలో చూపే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను తయారుచేయించేదీ ఐఎల్-6యే. ఈ ఇంజెక్షన్ మీద ఉన్న మనిషికి న్యుమోనియా వచ్చినా సీఆర్‌పీ చల్లగా నార్మల్‌లోనే ఉండొచ్చు, జ్వరమూ పెద్దగా కనిపించకపోవచ్చు. దగ్గు, ఆయాసం మొదలైతే రిపోర్టు బాగుందని ఇంట్లో కూర్చోకుండా, ఇంజెక్షన్ సంగతి డాక్టరుకు చెప్పి ఎక్స్‌రే తీయించుకోవాలి.