గుండెలో మిషను: అపోహలు - వాస్తవాలు

పేస్‌మేకర్, ఐసీడీ పెట్టించుకున్నవాళ్ళకు చెకప్‌లు చేయడం నా రోజువారీ పని. వచ్చినవాళ్ళు కూర్చోగానే అడిగేది సెల్‌ఫోన్ గురించి. మిషను దగ్గర వాపు వచ్చిందనీ, మాత్రలు మానేశామనీ మాత్రం మేం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప బయటికి రాదు. అక్కర్లేనిచోట భయం, భయపడాల్సినచోట ధీమా. నా బాధంతా దీని గురించే.

ముందు ఒక సంగతి. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకు పెట్టేది పేస్‌మేకర్. గుండె లయ ఒక్కసారిగా అదుపు తప్పి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ళకు పెట్టేది ఐసీడీ. అవసరమైతే అది లోపలినుంచే షాక్ ఇస్తుంది. మీ ఇంట్లోవాళ్ళకు ఏది పెట్టారో తెలుసుకోండి. "ఏదో మిషను పెట్టారండీ" అంటే అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఉన్న డాక్టర్‌కు ఏ దారీ దొరకదు. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కార్డు బీరువాలో కాదు, జేబులో ఉండాలి.

అపోహ: మిషను ఉంది కాబట్టి ఇక గుండెపోటు రాదు, మాత్రలు అక్కర్లేదు.

గుండెపోటు రక్తనాళం పూడుకుపోవడం వల్ల వస్తుంది. పేస్‌మేకర్‌కు దానితో సంబంధం లేదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలు డాక్టర్ ఆపమనేదాకా వేసుకోవాల్సిందే.

అపోహ: మిషను పెట్టినవైపు చెయ్యి కదపకూడదు.

మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు మోచెయ్యి భుజం కన్నా పైకి లేపవద్దని, బరువులు ఎత్తవద్దని చెబుతాం. మిషను నుంచి గుండెలోకి వెళ్ళే తీగలు కుదురుకోవడానికి ఆ గడువు. ఆ మాట విని కొందరు చెయ్యిని ఒంటికి కట్టేసుకుంటారు. మొన్న ఒక పెద్దావిడ వచ్చారు. పేస్‌మేకర్ భేషుగ్గా ఉంది. "అమ్మా, జడ వేసుకుంటున్నారా?" అని అడిగితే, "లేదు బాబూ, కోడలే వేస్తోంది. చెయ్యి లేవట్లేదు" అన్నారు. కదపక కదపక భుజం బిగుసుకుపోయింది. అన్నం కలుపుకోవడం, బట్టలు మడతపెట్టడం లాంటి పనులు రెండో రోజునుంచే చేసుకోవచ్చు. గడువు దాటాక మునుపటిలాగే అన్నీ.

అపోహ: ఫోన్, మైక్రోవేవ్, టీవీ, మిక్సీ అన్నీ ప్రమాదమే.

మైక్రోవేవ్, టీవీ, ఫ్రిజ్, మిక్సీ నిశ్చింతగా వాడుకోండి. ఫోన్ 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చాలు: చొక్కా జేబులో వద్దు, మిషను లేనివైపు చెవి దగ్గర పెట్టుకోండి. అయస్కాంతం విషయంలో మాత్రం జాగ్రత్త. కొన్ని కొత్త ఫోన్లలో, ఇయర్‌బడ్స్ డబ్బాల్లో బలమైన అయస్కాంతాలు ఉంటాయి. ఐసీడీకి ఆనించి పెడితే, అవి అక్కడున్నంతసేపూ అది షాక్ ఇవ్వకుండా ఊరుకోవచ్చు. తీసేస్తే మళ్ళీ మామూలే. ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగుల దూరం పాటించండి. విమానాశ్రయంలో, గుళ్ళో మెటల్ డిటెక్టర్ ద్వారంలోంచి ఆగకుండా నడిచి వెళ్ళిపోవచ్చు. చేతి డిటెక్టర్‌ను మాత్రం ఛాతీ మీద ఆనించి ఉంచనివ్వకండి, కార్డు చూపించండి.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. వెల్డింగ్ పని. పొలంలో ఎర్తింగ్ సరిగ్గా లేని మోటారు, స్టార్టర్ డబ్బా: ఒంట్లోకి వచ్చే కాస్త కరెంటునే ఐసీడీ గుండె లయ తప్పిందని పొరబడి షాక్ కొట్టవచ్చు. మోకాళ్ళ నొప్పులకు ఫిజియోథెరపీలో ఒంటి లోపలిదాకా వేడి పంపడానికి పెట్టే షార్ట్‌వేవ్ డయాథర్మీ అసలే వద్దు. అక్కడ మంచం ఎక్కకముందే మిషను ఉందని చెప్పండి.

అపోహ: మిషను మీద వాపు వస్తే సూదితో నీరు తీయిస్తే సరిపోతుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. కోత దగ్గర ఎరుపు, వాపు, చెమ్మ, చర్మం పల్చబడి నల్లగా మెరవడం కనిపిస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి సూది గుచ్చించుకుంటారు, లేదా పసుపు అద్దుతారు. సూది గుచ్చితే బయటి క్రిములు నేరుగా మిషను దాకా చేరతాయి. అక్కడ ఒకసారి ఇన్‌ఫెక్షన్ పట్టిందంటే యాంటీబయాటిక్ ఒక్కటే పోగొట్టలేదు. సాధారణంగా మిషను, గుండెలోకి వెళ్ళిన తీగలు మొత్తం బయటికి తీయాల్సి వస్తుంది. కొత్తగా పెట్టడం కన్నా అది ఎన్నో రెట్లు కష్టమైన పని. నొప్పి లేదు, జ్వరం లేదు అని ఆగవద్దు. అదే రోజు మిషను పెట్టిన ఆస్పత్రికి రండి.

అపోహ: ఎంఆర్‌ఐ ఎప్పటికీ తీయించుకోకూడదు.

ఇప్పుడు పెట్టేవాటిలో చాలావరకు ఎంఆర్‌ఐని తట్టుకునేవే. మిషనుతో పాటు తీగలు కూడా ఆ రకమైతేనే. స్కాన్‌కు ముందు సెట్టింగ్ మార్చి, అయ్యాక మళ్ళీ సరిచేయాలి.

అపోహ: బ్యాటరీ ఉన్నట్టుండి ఆగిపోతుంది.

అలా ఉన్నట్టుండి ఆగదు. పేస్‌మేకర్ బ్యాటరీ సుమారు 8 నుంచి 12 ఏళ్ళు వస్తుంది, అయిపోవడానికి కొన్ని నెలల ముందే చెకప్‌లో తెలుస్తుంది. చెకప్‌కు రాకపోతేనే తెలియదు. 1958లో స్టాక్‌హోంలో ప్రపంచంలోనే మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నే లార్సన్‌కు ఆ మొదటి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత ఇరవైకి పైగా మార్చుకుంటూ ఆయన 2001 దాకా, 86 ఏళ్ళు బతికారు. పోయింది కూడా క్యాన్సర్‌తో.

అపోహ: ఐసీడీ షాక్ కొట్టిందంటే చావు దగ్గరపడినట్టే.

ఒక్కసారి కొట్టి, మనిషి మామూలుగా ఉంటే అదే రోజు మాకు ఫోన్ చేయండి. వెంటవెంటనే రెండుసార్లు కొట్టినా, కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి. షాక్ కొట్టే సమయంలో ఆ మనిషిని పట్టుకున్నవాళ్ళకు చిమచిమలాడవచ్చు, అంతకుమించి ఏమీ కాదు. మనిషి పడిపోతుంటే వదిలేయకండి.

అపోహ: పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు ప్రాణం తేలిగ్గా పోదు.

శరీరం ఆఖరి దశకు చేరాక గుండె కండరం పేస్‌మేకర్ ఇచ్చే సంకేతానికి స్పందించదు. మిషను ప్రాణాన్ని పట్టి ఉంచదు. ఐసీడీ సంగతి వేరు, చివరి ఘడియల్లో అది షాకులు కొట్టే అవకాశం ఉంది. కోలుకోరని తేలిన రోగికి కుటుంబం ఒప్పుకుంటే షాక్ ఇచ్చే భాగాన్ని ఆపేయవచ్చు. కోత అక్కర్లేదు, బయటినుంచే చేస్తాం, నొప్పి ఉండదు. ఇక దహనం చేసే ఇళ్ళలో మరో విషయం తెలిసి ఉండాలి: చితిలో ఈ మిషను బ్యాటరీ పేలుతుంది. మనిషి ఆస్పత్రిలో పోతే భౌతికకాయం ఇంటికి తీసుకెళ్ళేముందే మిషను తీసేయమని అడగండి. చిన్న కోతతో అయిపోతుంది. ఇంట్లో పోతే ఫ్యామిలీ డాక్టర్‌కు కబురు పెట్టండి.