సైకిల్ తొక్కేవాళ్ళు, రెడ్ లైట్ జంపింగ్: సిగ్నల్ టైమింగ్ పెట్టేవాడి అపోహలు - వాస్తవాలు

నా పని ట్రాఫిక్ సిగ్నళ్ళకి టైమింగ్ పెట్టడం. ఏ వైపు గ్రీన్ ఎన్ని సెకన్లు, ఎల్లో ఎంత, మధ్యలో అందరికీ రెడ్ ఎంతసేపు ఉండాలి, ఇవన్నీ లెక్కేసి కంట్రోలర్ బాక్స్‌లోకి ఎక్కించడం, ఆ తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని రోడ్డు పక్కన గంటలు గంటలు నిలబడి జనం ఏం చేస్తున్నారో చూడటం. ఆఫీసుకి మాత్రం సైకిల్ మీదే వెళ్తా. అందుకే ఈ గొడవలో నాకు రెండు వైపుల నుంచీ తిట్లే, కార్లవాళ్ళేమో మీ సైకిల్ బ్యాచ్‌కి రెడ్ అంటే లెక్కే లేదంటారు, సైకిల్ ఫ్రెండ్సేమో నువ్వు పెట్టే ఆ దిక్కుమాలిన టైమింగ్ వల్లే మేం జంప్ చేస్తున్నాం అంటారు. రోజూ చెవిన పడేవి కొన్ని రాస్తున్నా. నేనూ జంప్ చేసినవాణ్ణే, కాబట్టి నీతులు చెప్తానని భయపడకండి.

అపోహ: "అడ్డం వచ్చే బండ్లు ఆగిపోయాయి కదా, ఇక గ్రీన్ నాకే"

వాస్తవం: అడ్డ రోడ్డుకి రెడ్ పడగానే తర్వాతి వంతు మీదే అని ఎక్కడా లేదు. మధ్యలో ఎదుటి నుంచి వచ్చి తిరిగేవాళ్ళకి యారో రావచ్చు, లేదా నడిచేవాళ్ళ వంతు రావచ్చు. చాలా జంక్షన్లలో బండ్లన్నిటికీ రెడ్ వేసి నడిచేవాళ్ళని వదుల్తాం, సైకిల్ మీద ఉన్నవాడికి అప్పుడు రోడ్డు మొత్తం ఖాళీగా, నన్ను రమ్మంటున్నట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీ మన కోసం చేసింది కాదు.

ఒకసారి అలాంటి చోటే కౌంటింగ్‌కి నిలబడ్డా. నడిచేవాళ్ళకి గ్రీన్ పడి బీప్ బీప్ మొదలైంది, తెల్ల కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన కర్ర చివరతో అంచు తడుముకుని రోడ్డు మీద అడుగు పెట్టాడు, రెండో అడుగు వేసేలోపు ఒక సైకిల్ సర్రున ఆయన ముందు నుంచి పోయింది, కర్ర చక్రానికి తగిలి ఎగిరి అవతల పడింది. సైకిల్ అబ్బాయి "సారీ సర్" అని అరుస్తూనే పోయాడు. పెద్దాయనకి దెబ్బేం తగల్లేదు కానీ కదలకుండా అక్కడే నిలబడిపోయాడు, ఎటు వెళ్ళాలో తెలియలేదు, బీప్ ఆగిపోయింది. నేను వెళ్ళి కర్ర చేతికిచ్చి పక్కకి తీసుకొచ్చేసరికి ఆయనన్న మాట ఒకటే, "కారైతే చప్పుడు వినపడేది బాబూ". కళ్ళు కనిపించేవాళ్ళకి సైకిల్ చిన్నది, నెమ్మదైనది, ప్రమాదం లేనిది. బీప్‌ని నమ్ముకుని అడుగేసేవాడికి అది చప్పుడు లేకుండా వచ్చే ఇనుము.

అపోహ: "రోజూ పోయే రూటే, ఈ సిగ్నల్ నాకు కంఠతా వచ్చు"

వాస్తవం: ఫిక్స్‌డ్ టైమింగ్ సిగ్నల్ అయితే మీరు చెప్పేది కొంతవరకు నిజమే, అది కూడా ఉదయం ప్లాన్ వేరు, మధ్యాహ్నం ప్లాన్ వేరు. బండి వచ్చిందో లేదో కనిపెట్టే డిటెక్టర్లతో నడిచే సిగ్నళ్ళలో మాత్రం గ్రీన్ పొడవు ప్రతిసారీ మారుతుంది, ఒక వైపు ఎవరూ లేకపోతే వాళ్ళ వంతుని పూర్తిగా దాటేస్తుంది, ఎవరో బటన్ నొక్కితే కొత్త వంతు దూరుతుంది, కొన్నిచోట్ల బస్సు వస్తోందంటే దాని గ్రీన్ సాగుతుంది, అంబులెన్సో ఫైరింజనో వస్తే వరసంతా తారుమారు. మీరు నిన్న నేర్చుకున్న లెక్క ఇవాళ పనికొస్తుందని గ్యారంటీ ఏమీ లేదు. అసలు టైమింగ్ పెట్టిన నేనే మా సిగ్నళ్ళ దగ్గర ఊహించి తప్పిపోతుంటా.

అపోహ: "ఎల్లోలోనో, రెడ్ పడిన మొదటి సెకన్లోనో దూరితే ఏం కాదు, కార్లు దూరట్లేదా"

వాస్తవం: ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వృత్తిలో మాట్లాడుకోని విషయం ఇక్కడే ఉంది. మీకు రెడ్ పడ్డాక అవతలివాళ్ళకి వెంటనే గ్రీన్ ఇవ్వం, ఒకటి రెండు సెకన్లు అందరికీ రెడ్ పెడతాం, ఎల్లో చివర్లో లోపలికి వచ్చినవాడు బయటపడటానికి. ఆ ఒకటి రెండు సెకన్లు ఎవరి స్పీడుకి లెక్కేశామంటారు? కారు స్పీడుకి.

లెక్క చూడండి. జంక్షన్ 24 మీటర్ల వెడల్పు అనుకుందాం. గంటకి 50 కి.మీ. స్పీడులో వచ్చే కారు సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది, రెండు సెకన్లలో అవతల ఉంటుంది. సైకిల్ 18 కి.మీ. స్పీడులో సెకనుకి 5 మీటర్లు. అంటే ఆ 24 మీటర్లకి దాదాపు 5 సెకన్లు. ఎల్లో చివరి క్షణంలో దూరిన సైకిల్ 2 సెకన్ల ఆల్ రెడ్ అయ్యేసరికి 10 మీటర్ల దగ్గర ఉంటుంది, ఇంకా 14 మీటర్లు మిగిలి ఉండగానే అవతలివాళ్ళకి గ్రీన్ పడిపోతుంది. ఇక రెడ్ పడిన ఒక సెకను తర్వాత దూరినవాడి సంగతైతే, గ్రీన్ పడేసరికి 5 మీటర్ల దగ్గరే ఉంటాడు, దాటాల్సింది 19. కారువాడు చేసిన తప్పే మీరూ చేశారు, కానీ వాడికి ఆల్ రెడ్ ఇచ్చే రక్షణ మీకు లేదు.

ఆగి ఉన్న బండ్లు కదలడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది కాబట్టి చాలాసార్లు బతికిపోతాం, అలా వందసార్లు బతికిపోతాం కాబట్టే అలవాటవుతుంది. ముప్పు ఆగి ఉన్న బండితో కాదు. ఖాళీ లేన్లో వెనక నుంచి వస్తూ దూరం నుంచే గ్రీన్ పడటం చూసి బ్రేక్ మీద నుంచి కాలు తీసేసినవాడు ఉంటాడే, వాడితో. వాడు ఆగనేలేదు, కదలడానికి టైం పట్టేదేముంది.

కాకపోతే ఒక మంచి సంగతి, ఎల్లో సైకిల్‌కి ధారాళంగా సరిపోతుంది. 18 కి.మీ. స్పీడులో తేరుకోవడానికి ఒక సెకను, బ్రేక్ వేసి ఆగడానికి ఇంకో నాలుగైదు మీటర్లు, మొత్తం 10 మీటర్లలోపే ఆగిపోవచ్చు. ఎల్లో పడినప్పుడు లైన్ ఇంకా మూడు కార్ల పొడవు దూరంలో ఉందంటే, పొడి రోడ్డు మీద హాయిగా ఆగొచ్చు. వానలో అయితే దూరం ఇంకా ఎక్కువ వేసుకోండి.

అపోహ: "నేను గుడ్డిగా పోను, రెండు వైపులా చూసుకునే దాటతా"

వాస్తవం: చూస్తారు, నిజమే. కానీ ఆగిన చోటి నుంచి 14 మీటర్లు దాటడానికి మామూలు సైకిల్‌కి అయిదు సెకన్ల పైనే పడుతుంది. ఆ అయిదు సెకన్లలో 60 కి.మీ. స్పీడులో వచ్చే కారు 80 మీటర్లు దాటి వచ్చేస్తుంది. 80 మీటర్ల అవతలున్న బండి స్పీడు ఎంతో ఒక్క చూపులో చెప్పగలిగేవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. ఇంకోటి, దగ్గర లేన్లో ఆగి ఉన్న వ్యాను దాని అవతల లేన్లో వస్తున్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది, మిమ్మల్ని కూడా వాడికి కనపడకుండా కప్పేస్తుంది.

అపోహ: "ఆగకుండా పోతే బోలెడు టైం మిగుల్తుంది"

వాస్తవం: 90 సెకన్ల సైకిల్ (అంటే సిగ్నల్ వంతులన్నీ ఒక చుట్టు తిరిగే టైం, మనం తొక్కేది కాదు), అందులో మీకు 50 సెకన్లు రెడ్ అనుకోండి. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాడికి సగటున పడే ఆలస్యం దాదాపు 14 సెకన్లు. దారిలో అలాంటివి ఎనిమిది ఉంటే మొత్తం రెండు నిమిషాల లోపు. అది కూడా అన్నీ జంప్ చేస్తే, రద్దీ జంక్షన్లలో ఎలాగూ సందు కోసం ఆగాల్సిందే కాబట్టి నిజంగా మిగిలేది ఇంకా తక్కువ. ఆఫీస్ లిఫ్ట్ దగ్గర పోయే టైం అది.

కాళ్ళ సంగతి వేరు, అక్కడ సైకిల్ వాళ్ళ ఏడుపు న్యాయమైనదే. మనిషీ సైకిలూ కలిపి 85 కేజీలనుకుంటే, ఆగిన చోటి నుంచి 20 కి.మీ. స్పీడుకి రావడానికి దాదాపు 1300 జౌల్స్ కావాలి, అంటే చదును రోడ్డు మీద అదే స్పీడులో ఇంకో 100 మీటర్ల వరకు తొక్కినంత పని. అంత కొంపలు మునిగేదేం కాదు గానీ, దాన్ని అయిదారు సెకన్లలో లాగాలి కాబట్టి తొడలకి తెలుస్తుంది. ఆగే ముందే గేర్ తగ్గించుకోండి, చాలామంది బరువు గేర్లో ఆగి మళ్ళీ ఎక్కేటప్పుడు ఊగిసలాడుతూ సిగ్నల్‌ని తిట్టుకుంటారు.

అపోహ: "సైకిల్ బరువు చాలదు, అందుకే సెన్సర్ పట్టుకోదు, జంప్ చేయడం తప్ప దారి లేదు"

వాస్తవం: రోడ్డు కింద కాటా ఏమీ లేదండీ. స్టాప్ లైన్ దగ్గర రోడ్డు మీద చతురస్రంగానో వజ్రం ఆకారంలోనో కోసి నల్లటి తారు లాంటిది నింపిన గీతలు కనిపిస్తాయి చూడండి, వాటి లోపల తీగ చుట్లు ఉంటాయి, దాన్నే లూప్ అంటాం. ఆ తీగలో కరెంటు అటూ ఇటూ వేగంగా మారుతూ ఉంటుంది, పైన లోహం వస్తే దాని ఇండక్టెన్స్ తగ్గుతుంది, కంట్రోలర్ దాన్ని పట్టుకుంటుంది. బరువుతో పనిలేదు, ఇనుమే కావాలని కూడా లేదు, అల్యూమినియం రిమ్ములు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కార్బన్ రిమ్ములవాళ్ళకే కొంచెం కష్టం.

మనవాళ్ళు చేసే తప్పు ఆ చతురస్రం నట్టనడుమ ఆగడం. మామూలు లూప్‌లో నడుమ బలహీనం, తీగ మీదే బలం, రెండు చక్రాలూ కోసిన గీత మీద ఉండేలా ఆగండి. రెండో తప్పు స్టాప్ లైన్ దాటి ముందుకి జరిగి జీబ్రా మీద నిలబడటం, అక్కడ లూప్ ఉండదు, కెమెరా డిటెక్టర్ అయినా అది చూసే చోటు దాటి వచ్చేశారు, ఇక సిగ్నల్ దృష్టిలో మీరు లేరు. గ్రీన్ రాక తిట్టుకుంటూ జంప్ చేసేవాళ్ళలో కొంతమంది ఆ రెడ్‌ని తెచ్చిపెట్టుకున్నవాళ్ళే.

అయితే నిజంగానే సెన్సిటివిటీ తక్కువ పెట్టిన లూపులూ ఉంటాయి, కాదనను. ఒకసారి అర్ధరాత్రి ఇంటికి పోతూ ఒక సందు సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయా, మెయిన్ రోడ్డు మీద పురుగు లేదు, అయినా గ్రీన్ వాళ్ళకే. గీత మీదే నిలబడ్డా, రాలేదు. నాలుగైదు నిమిషాలయ్యాక సిగ్గు పక్కన పెట్టి సైకిల్‌ని రోడ్డు మీద అడ్డంగా పడుకోబెట్టా, చక్రం తీగకి సమాంతరంగా వస్తే బాగా పడుతుందని తెలుసు గనక. కాసేపటికి గ్రీన్ వచ్చింది. ఆ టైమింగ్ షీట్ మీద సంతకం నాదే, అది వేరే విషయం. పొద్దున్నే టెక్నీషియన్‌తో చెప్పి సెన్సిటివిటీ ఒక మెట్టు పెంచాం, మరీ పెంచితే పక్క లేన్లో పోయే లారీలని కూడా పట్టేస్తుంది. ఇలాంటివి చూస్తే కంప్లైంట్ పెట్టండి, "సిగ్నల్ పని చేయట్లేదు" అని కాకుండా ఏ వైపు, ఎన్నింటికి, ఎన్ని నిమిషాలు ఆగారో రాస్తే మాకు వెతుక్కోవడం తేలిక.

అపోహ: "సైకిల్ వాళ్ళందరూ ఇంతే"

వాస్తవం: 2007లో లండన్‌లో కొన్ని జంక్షన్లలో లెక్కపెడితే రెడ్ దాటిన సైకిళ్ళు 16 శాతం. మెల్‌బోర్న్‌లో కెమెరాలతో చూసి 2011లో వేసిన అధ్యయనంలో 7 శాతం దగ్గర, అందులోనూ ఎక్కువమంది నేరుగా దూసుకుపోయినవాళ్ళు కాదు, ఎడమకి తిరిగినవాళ్ళు (అక్కడా మనలాగే ఎడమ వైపు నడుపుతారు). ఆగినవాడు ఎవరి కంటికీ ఆనడు, దాటినవాడు అందరికీ గుర్తుంటాడు, అంతే.

అపోహ: "సైకిల్‌కి సిగ్నల్ రూల్ లేదు" / "సైకిల్ రెడ్ దాటితే ప్రపంచంలో ఎక్కడైనా నేరమే"

రెండూ తప్పే. 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ప్రకారం సైకిల్ తొక్కేవాడు కూడా డ్రైవరే, చాలా దేశాల చట్టాలు అదే దారిలో ఉన్నాయి. మరోవైపు అమెరికాలోని ఐడహో రాష్ట్రం 1982లోనే సైకిళ్ళకి వేరే రూల్ పెట్టింది, ఇప్పుడక్కడ రెడ్ దగ్గర పూర్తిగా ఆగి, ఎవరూ రాకపోతే వెళ్ళొచ్చు. పారిస్‌లో త్రికోణం బోర్డు మీద పసుపు సైకిల్, బాణం ఉంటే ఆ వైపుకి మాత్రం రెడ్‌లో పోవచ్చు, నడిచేవాళ్ళకి దారిచ్చి. జర్మనీ 2020లో సైకిళ్ళకి ప్రత్యేకంగా ఆకుపచ్చ బాణం బోర్డు తెచ్చింది, అక్కడ ముందు ఆగాలి. ఈ రెండు చోట్లా బోర్డు లేకపోతే రెడ్ రెడ్డే. ఈ సడలింపులు నాకు నచ్చుతాయి, నా తోటివాళ్ళలో చాలామందికి నచ్చవు. కానీ ఎక్కడ పెట్టొచ్చో జంక్షన్ చూసి తేల్చాలి, హ్యాండిల్ మీద చేతులున్నవాడు అప్పటికప్పుడు తేల్చుకుంటే కాదు.

అపోహ: "రెడ్ దగ్గర లారీ పక్కన ఇరుక్కోవడం కంటే జంప్ చేసి పోవడమే సేఫ్"

భయం కరెక్టే, మందు తప్పు. లారీ పక్కనా, ముందు బంపర్‌కి ఆనుకునీ రెండూ డ్రైవర్‌కి కనపడని చోట్లే. వెనకే ఆగండి, లేదా బండ్ల ముందు సైకిళ్ళు ఆగడానికి గీసిన బాక్స్ ఉంటే లారీ కదలకముందే అక్కడికి చేరేంత టైం ఉంటేనే ముందుకి పోండి. డ్రైవర్ మొహం మీకు కనపడకపోతే మీరూ వాడికి కనపడట్లేదు.

ఇక టైమింగ్ మార్చమని అడిగేవాళ్ళకి: మారుస్తున్నారు. కోపెన్‌హాగన్‌లో నోరెబ్రోగేడ్ వీధిలో సిగ్నళ్ళని గంటకి 20 కి.మీ. స్పీడుకి జత చేశారు, ఆ స్పీడులో తొక్కేవాడికి వరసగా గ్రీన్ దొరుకుతుంది, జంప్ చేయాల్సిన అవసరమే రాదు. నా చేతిలో అంత పెద్దవి లేవు. సైకిళ్ళు ఎక్కువ పోయే ఒక జంక్షన్లో ఆల్ రెడ్‌ని 2 నుంచి 4 సెకన్లకి పెంచా. కార్లవాళ్ళ నుంచి మూడు కంప్లైంట్లు వచ్చాయి. సైకిల్ ఫ్రెండ్స్‌లో ఒక్కడు కూడా గమనించలేదు, పైగా ఒకడైతే ఆ సిగ్నల్ ఈ మధ్య ఎందుకో ప్రశాంతంగా ఉంటోంది, ట్రాఫిక్ తగ్గిందేమో అన్నాడు.