మూడు యూనిట్ల వెనుక యాభై ఏళ్ల పేచీ: కాలిఫోర్నియాలో ఎత్నిక్ స్టడీస్

కాలిఫోర్నియాలో ఎత్నిక్ స్టడీస్, అంటే అమెరికాలోని జాతుల చరిత్రను, అనుభవాన్ని చదివే పాఠ్యాంశం, మళ్లీ వివాదంలో పడింది. 2025-26 విద్యాసంవత్సరం నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలన్నిటిలో ఈ పాఠ్యాంశం మొదలుకావలసి ఉండగా, బడ్జెట్‌లో అందుకు నిధులు కేటాయించకపోవడంతో ఆ చట్టం కాగితం మీదే ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అధ్యాపకుల సెనేట్ కూడా దీన్ని ప్రవేశ అర్హతల్లో చేర్చాలన్న ప్రతిపాదనను తోసిపుచ్చింది. మరోపక్క, జాతి ప్రాతిపదికన వైవిధ్య కార్యక్రమాలు నడిపే విద్యాసంస్థలకు డబ్బు ఆపేస్తామని ఫెడరల్ ప్రభుత్వం ఆ ఏడాది ఆరంభం నుంచే హెచ్చరిస్తూ వచ్చింది. దాంతో ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది: నల్లజాతి వారి, ఆదివాసుల, ఆసియా నుంచి వచ్చినవారి, లాటినోల చరిత్రను విడిగా ఒక డిగ్రీగా చదవవలసిన అవసరం ఏమిటి? అది చదువా, రాజకీయమా?

ఈ చదువు పుట్టుక గురించి ఇప్పటికే చాలామంది రాశారు. 1968 నవంబర్ 6న శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో మొదలై దాదాపు ఐదు నెలలు సాగిన విద్యార్థుల సమ్మె, సమ్మెకారుల లౌడ్ స్పీకర్ వైర్లు పీకేసిన కాలేజీ తాత్కాలిక అధ్యక్షుడు హయకావా, క్యాంపస్‌లో దిగిన పోలీసులు, ఇవన్నీ తెలిసినవే కాబట్టి ఇక్కడ వివరించడం లేదు. నేటి తగవుకు సంబంధించినంత వరకు అందులో గుర్తుంచుకోవలసింది ఒక్కటే. విద్యార్థులు అడిగింది సిలబస్‌లో నాలుగు పాఠాలు చేర్చమని కాదు. ఏం బోధించాలో, ఎవరు బోధించాలో నిర్ణయించే అధికారం ఉన్న ఒక విభాగాన్ని, ఆ విభాగం సొంతంగా ఇచ్చే పట్టాను వారు అడిగారు. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్‌లో అది 1969లో ఒక ప్రత్యేక స్కూలుగా దక్కింది. అదే ఏడాది జనవరిలో సమ్మె మొదలుపెట్టిన బర్క్‌లీ విద్యార్థులు విడిగా ఒక కాలేజీ కోరితే, వారికి దక్కింది ఒక డిపార్ట్‌మెంట్. అక్కడ 1984లో పీహెచ్‌డీ కోర్సు కూడా వచ్చినప్పటికీ, ఖాళీ అయిన అధ్యాపక స్థానాలు నింపడం లేదంటూ 1999లో విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చోవలసి వచ్చింది. విభాగం పేరు బోర్డు మీద ఉండడం వేరు, దానికి బతుకు ఉండడం వేరు అన్నది ఆ ముప్పై ఏళ్ల అనుభవం.

నేటి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి 1968 కంటే 2020 వేసవి ఎక్కువగా ఉపయోగపడుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అందుకు కొంత ముందుకథ ఉంది. అప్పటికి ఇరవై మూడు క్యాంపస్‌లు, నాలుగున్నర లక్షలకు పైగా విద్యార్థులు ఉన్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో (శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ ఇందులోదే; బర్క్‌లీ ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వేరు) ఎత్నిక్ స్టడీస్ విభాగాల స్థాయి తగ్గించే ప్రయత్నాలపై నిరసనలు రేగడంతో, 2014లో ఛాన్సలర్ తిమోతీ వైట్ ఒక అధ్యయన బృందాన్ని నియమించి, దాని నివేదిక వచ్చేదాకా ఆ విభాగాల్లో మార్పులేవీ చేయవద్దని క్యాంపస్‌లను కోరారు. 2016 జనవరిలో వచ్చిన నివేదిక, ప్రతి విద్యార్థీ డిగ్రీలో భాగంగా ఎత్నిక్ స్టడీస్ చదవాలని సూచించింది. ఆ సూచన మూడేళ్లు గడిచినా వ్యవస్థ మొత్తానికీ వర్తించే నిబంధనగా మారలేదు. తాను వేసిన బృందమే ఇచ్చిన సలహాను విశ్వవిద్యాలయ యంత్రాంగం అంతకాలం పక్కన పెట్టకపోయి ఉంటే విషయం శాసనసభ గడప తొక్కేది కాదేమో.

అక్కడికి దాన్ని తీసుకువెళ్లింది షర్లీ వెబర్. ఆమె బిల్లు పెట్టిన రాజకీయ నాయకురాలిగానే వార్తల్లో కనబడతారు గాని, అసలు ఆమె ఈ చదువుకు చెందిన మనిషి. ఆర్కన్సాలో కౌలు రైతు కూతురిగా పుట్టిన ఆమెకు మూడేళ్ల వయసులో, తండ్రిని చంపడానికి తెల్లవారి గుంపు ఒకటి సిద్ధమవుతోందని తెలిసి ఆ కుటుంబం కాలిఫోర్నియాకు తరలివచ్చింది. 1972లో శాన్ డియాగో స్టేట్‌లో చేరి, నల్లజాతి చరిత్ర, సంస్కృతి బోధించే అక్కడి ఆఫ్రికానా స్టడీస్ విభాగం పునాదులు వేసినవారిలో ఒకరై, సుమారు నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన తరువాతే ఆమె శాసనసభకు వెళ్లారు. క్యాంపస్ కమిటీల్లో ఈ శాఖల భవితవ్యం ఎలా నలుగుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

2019లో ఆమె ప్రవేశపెట్టిన ఏబీ (అసెంబ్లీ బిల్లు) 1460 చెప్పింది చిన్న మాట: కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ చేసే ప్రతి విద్యార్థీ మూడు యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ కోర్సు ఒకటి పూర్తిచేయాలి. పట్టా కోసం కావలసిన నూట ఇరవై యూనిట్లలో అది మూడే. కానీ ఆ బిల్లు ఎత్నిక్ స్టడీస్ అంటే ఏమిటో కూడా నిర్వచించింది: జాతి గురించిన బహుశాస్త్ర, తులనాత్మక అధ్యయనంగా, అందులోనూ ఆదివాసీ అమెరికన్లు, ఆఫ్రికన్ అమెరికన్లు, ఆసియన్ అమెరికన్లు, లాటినో అమెరికన్లు అనే నాలుగు సమూహాలపై ప్రత్యేక దృష్టి ఉండే చదువుగా. అసలు పేచీ ఈ నిర్వచనం దగ్గరే మొదలైంది.

జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరువాత దేశమంతా ఉడికిపోతున్న 2020 జూలైలో, బిల్లు గవర్నర్ బల్ల మీదికి చేరుతున్న వేళ, విశ్వవిద్యాలయ పాలకమండలి అయిన ట్రస్టీలు హడావుడిగా తమ సొంత నిబంధనను ఆమోదించారు. దాని పేరు ‘ఎత్నిక్ స్టడీస్, సామాజిక న్యాయం’. పేరు విస్తృతంగానే ఉంది. చిక్కు కూడా ఆ విస్తృతిలోనే ఉంది. సామాజిక న్యాయం అన్న గొడుగు కింద ఇతర విభాగాల కోర్సులు ఎన్నో ఇముడుతాయి కాబట్టి, విద్యార్థి ఎత్నిక్ స్టడీస్ విభాగం గుమ్మం తొక్కకుండానే ఆ షరతు తీర్చుకోవచ్చు. యాభై ఏళ్లుగా అధ్యాపక స్థానాల కోసం ఎదురుచూస్తున్న విభాగాలకు దానివల్ల ఒరిగేది తక్కువ. అధ్యాపక సంఘం వెబర్ బిల్లు వైపు నిలబడింది. గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆగస్టు 17న దానిపై సంతకం చేయడంతో ట్రస్టీల నిబంధన మూలపడింది. 2021-22 నుంచి కోర్సులు అందుబాటులోకి వచ్చాయి. 2024-25లో పట్టా తీసుకున్నవారి నుంచి నిబంధన వర్తించింది.

బిల్లును వ్యతిరేకించినవారి వాదన కూడా చెప్పాలి. పాఠ్యప్రణాళిక అధ్యాపకుల సొత్తు, శాసనసభ అందులో వేలు పెడితే ఈ రోజు ఒక చదువును తప్పనిసరి చేసిన చేయే రేపు మరొక చదువును నిషేధిస్తుందని ట్రస్టీలు, ఆ విశ్వవిద్యాలయపు అధ్యాపకుల సెనేట్ ప్రతినిధులు అన్నారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యక్రమాలకు నిధులను, కొన్ని రకాల పాఠాలను కట్టడి చేస్తూ 2023లో ఫ్లోరిడా తెచ్చిన చట్టాన్ని చూపించి, మేము చెప్పిందే జరిగిందని ఇప్పుడు కొందరు అంటున్నారు. ఈ భయంలో అర్థం లేకపోలేదు. అయితే కాలక్రమం మరోలా చెబుతోంది. టూసన్ పాఠశాలల్లో మెక్సికన్ అమెరికన్ స్టడీస్‌ను మూయించిన అరిజోనా చట్టం 2010 నాటిది, అంటే వెబర్ బిల్లుకు పదేళ్లు ముందుది. ఆ మూసివేత వెనుక ఉన్నది జాతి విద్వేషమని 2017 ఆగస్టులో తీర్పు ఇచ్చిన ఫెడరల్ న్యాయమూర్తి వాలెస్ తషిమా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాల్యంలో కొంత భాగాన్ని జపనీస్ అమెరికన్ల నిర్బంధ శిబిరంలో గడిపినవారు. నిషేధించదలచినవారు ఎవరి ఉదాహరణ కోసమూ ఆగలేదు.

నాలుగు సమూహాలే ఎందుకు, మా సంగతేమిటి అన్న ప్రశ్న దీనికంటే బరువైనది. హైస్కూలు నమూనా పాఠ్యప్రణాళిక తొలి ముసాయిదా 2019లో వచ్చినప్పుడు యూదు సంఘాలు తీవ్రంగా అభ్యంతరం చెప్పాయి. 2021 మార్చిలో ఆమోదించిన తుది ప్రతిలో యూదు, అరబ్, సిక్కు, ఆర్మేనియన్ అమెరికన్ల గురించిన పాఠాలు చేరాయి. ఎవరి కథ విడిచిపెట్టినా నొప్పే. కానీ డిగ్రీ స్థాయిలో ఆ నాలుగు పేర్లు ఎవరినీ తోసేయడానికి రాసినవి కావు; సమ్మె కాలం నుంచి నడుస్తున్న విభాగాలను ‘సామాజిక న్యాయం’ అనే పెద్ద నీటిలో కరిగిపోకుండా కాపాడడానికి కట్టిన గట్టు అది. ఈ తేడా చెప్పకుండా రెంటినీ కలిపి మాట్లాడడం వల్లే చర్చ తరచూ దారి తప్పుతోంది.

తెలుగువారు ఈ నాలుగింటిలో ఎక్కడ ఉన్నారని అడిగేవారికి సమాధానం ఆసియన్ అమెరికన్ చరిత్రలో ఉంది. కనిగిరి ప్రాంతం నుంచి చదువు కోసం వెళ్లి కాలిఫోర్నియాలో భారత స్వాతంత్ర్యం కోసం పనిచేసిన గదర్ పార్టీలో చేరిన దర్శి చెంచయ్య ఆ చరిత్రలోని మనిషే. 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవారు’ కారంటూ పౌరసత్వానికి అనర్హులని తేల్చిందని, 1965 వలస చట్టం తరువాతే మన ఇంజినీర్లకు, డాక్టర్లకు అక్కడి తలుపు నిజంగా తెరుచుకుందని తెలిసేది ఈ తరగతుల్లోనే. అక్కడి విశ్వవిద్యాలయాల్లో తెలుగు నేర్పడం వేరే సంగతి. 1958 నాటి రక్షణ విద్యా చట్టం డబ్బుతో పెరిగిన ప్రాంతీయ అధ్యయనాల పాయ అది, దూరదేశాలను తెలుసుకోవడం దాని పని. ఎత్నిక్ స్టడీస్ చూసేది దేశం లోపలివారిని. మనవాళ్ల మధ్య ఉన్న అసమానతలు కూడా ఆ చూపు దాటిపోలేదు: 2022 జనవరిలో ఇదే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది. దానిని వ్యతిరేకించినవారిలో భారతీయ సంతతి అధ్యాపకులు ఉన్నారు, పట్టుబట్టి సాధించినవారిలో దళిత విద్యార్థులు ఉన్నారు.

ఇక ఉన్నత పాఠశాలల సంగతి. 2021 అక్టోబర్‌లో సంతకమైన ఏబీ 101 చట్టం, శాసనసభ నిధులు కేటాయిస్తేనే అమలవుతుందని తనలోనే షరతు పెట్టుకుంది. ఈ పాఠ్యాంశానికి విడిగా బోధనా అర్హతపత్రం లేని రోజుల్లో వచ్చిన చట్టం అది. ఆ తరగతులకు ఉపాధ్యాయులు రావలసింది ఈ డిగ్రీ చేసినవారిలో నుంచి. బడిలో ఆపినా కాలేజీలో నడుస్తుంది కదా అని నిమ్మళంగా ఉండడానికి లేదు, ఎందుకంటే ఈ డిగ్రీ చదివినవారికి దొరకగల ఉద్యోగాల్లో పెద్ద వాటా అక్కడే ఉంది. విశ్వవిద్యాలయంలోని మూడు యూనిట్ల నిబంధనకు మాత్రం అలాంటి షరతు లేదు. అందులోని నాలుగు సమూహాల నిర్వచనాన్ని మార్చాలన్నా, తీసేయాలన్నా ఛాన్సలర్ కార్యాలయం ఉత్తర్వు సరిపోదు. రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో మరో బిల్లు నెగ్గాలి.