కాళ్ళ మీద పాప, గుండెలో దడ

అప్పటికి పాపకి ఐదో నెల. అమ్మ ఊరెళ్ళిపోయాక మొదటిసారి నేనొక్కదాన్నే నీళ్ళు పోస్తున్నాను. బాత్రూంలో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టాను. వేడినీళ్ళ ఆవిరికి గదంతా ఉక్కపోతగా ఉంది. చేతినిండా సున్నిపిండి, పాప ఒంటినిండా నూనె. రెండో చెంబు పోస్తుంటే గుండె దబదబా కొట్టుకోవడం మొదలైంది. ఊపిరి అందలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టు అనిపించింది. "కళ్ళు తిరిగి పడిపోతాను, పాప తల గచ్చుకి కొట్టుకుంటుంది" అన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. ఎలాగో తువ్వాలు చుట్టి, హాల్లో చాప మీద పడుకోబెట్టి, పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నాను. పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. పాప మాత్రం హాయిగా కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది.

పక్కింటావిడ గ్యాస్ అంది. అత్తయ్య ఎండుమిర్చితో దిష్టి తీశారు. ఈసీజీ బాగుంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ రావచ్చని, కాన్పయ్యాక థైరాయిడ్ గాడి తప్పడం మామూలేనని డాక్టరుగారు ఆ పరీక్షలు కూడా చేయించారు. అవీ బాగానే ఉన్నాయి. "ప్యానిక్ అటాక్ అమ్మా" అన్నారు. నాకైతే కోపం వచ్చింది. అంత జరిగితే ఉత్త టెన్షనా?

ఉత్తదేమీ కాదని తర్వాత చదువుకుంటే తెలిసింది. పులి ఎదురైతే పోరాడ్డానికో పారిపోవడానికో ఒళ్ళు ఎలా సిద్ధమవుతుందో అమెరికన్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించాడు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకి రక్తం పరుగెత్తుతుంది, ఊపిరి జోరందుకుంటుంది. నిజంగా పరుగెత్తితే ఆ ఊపిరంతా ఖర్చవుతుంది. నేనేమో పీట మీద కూర్చుని ఉన్నాను. అవసరానికి మించి ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, రక్తంలో క్షారగుణం కాస్త పెరుగుతుంది. అప్పుడు రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియంలో కొంత ప్రొటీన్లకి అతుక్కుపోతుంది. దాంతో నరాలు చీటికీమాటికీ ఉలిక్కిపడతాయి. వేళ్ళలో తిమ్మిరి, మూతి దగ్గర చీమలు అందుకే. మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కొంచెం బిగుసుకుంటాయి కాబట్టి తల తేలిపోతుంది. తమాషా ఏమిటంటే, గాలి చాలడం లేదని మనం ఎగశ్వాస తీస్తున్న ఆ సమయంలో రక్తంలో ఆక్సిజన్‌కి ఏ లోటూ ఉండదు.

మరి పడిపోతామన్న భయం సంగతి? నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క ఇదే. మనిషి స్పృహ తప్పాలంటే సాధారణంగా రక్తపోటు ఒక్కసారిగా పడిపోవాలి. ప్యానిక్‌లో అది పెరుగుతుంది. రక్తాన్నో సూదినో చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి రక్తపోటు నిజంగానే పడిపోతుంది. మిగతావాళ్ళకి తల తిరిగినట్టు ఉంటుందే గానీ, ప్యానిక్‌లో స్పృహ తప్పడం చాలా అరుదు.

"ధైర్యం చాలకే ఇదంతా" అనేవాళ్ళకి చెప్పాల్సిన సంగతొకటుంది. మెదడులో భయానికి కీలకమైన అమిగ్డలా ఒక అరుదైన జబ్బు వల్ల రెండువైపులా దెబ్బతిన్న ఒకావిడ అమెరికాలో ఉంది. పాముల్ని చూసినా ఆమెకి భయం వెయ్యదు. అలాంటామె చేత, ఊపిరాడనట్టు అనిపించేలా 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి ఒక్కసారి పీల్పిస్తే ప్యానిక్ వచ్చేసింది. 2013లో ఆ ఫలితం అచ్చయింది. పిరికితనానికీ దీనికీ ఏం సంబంధం?

ఒంట్లో మార్పు కన్నా దానికి మనం చెప్పుకునే అర్థమే మంటని ఎగదోస్తుందని 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు ప్రతిపాదించాడు. దడ వచ్చింది, గుండెపోటేమో అనుకున్నాం, భయం పెరిగింది, దడ ఇంకా పెరిగింది. పిల్లలున్నవాళ్ళకి ఈ చక్రంలో ఇంకో ఆకు ఉంటుంది: నాకేమైనా అయితే వీడిగతేంటి? ఒంటరిగా ఉన్నప్పుడు "పోతే పోయాలే" అనుకోగలిగినవాళ్ళు కూడా చంకలో బిడ్డ ఉంటే అలా అనుకోలేరు.

మర్నాటి నుంచి స్నానం మా ఆయన పని అయింది. హమ్మయ్య అనిపించింది. చిక్కంతా ఆ హమ్మయ్యలోనే ఉంది. "తప్పుకున్నావు కాబట్టే బతికావు" అని మెదడు రాసిపెట్టుకుంటుంది. రెండు వారాలు తిరిగేసరికి పాపనెత్తుకుని లిఫ్ట్ ఎక్కడం మానేశాను. టీకాకి ఒక్కదాన్నే వెళ్ళనన్నాను. ఇంట్లో ఉన్నా ఫోను చేతిలోంచి దిగేది కాదు.

చికిత్స మొదలుపెట్టిన సైకాలజిస్టు నన్ను ఒక నిమిషం నిలబడినచోటే పరుగెత్తమన్నారు. తర్వాత కుర్చీలో గిరగిరా తిప్పారు. అదే దడ, అదే తల తిరుగుడు, అదే ఆయాసం. పక్కన పాప లేదు, ఏ ప్రమాదమూ లేదు. ఒంట్లో ఆ గుర్తులంటేనే భయం పోగొట్టడానికి కావాలనే వాటిని తెప్పించే పద్ధతి ఇది. మొదటిసారి ఏడ్చాను, ఐదోసారికి విసుగొచ్చింది. విసుగు రావడమే కావాలన్నారావిడ. తర్వాత స్నానం దగ్గరికొచ్చాం. మొదట మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు, తర్వాత హాల్లో, ఆ తర్వాత ఆఫీసులో.

మధ్యలో దడ వస్తే? చేతిలో బిడ్డ ఉంటే కింద చాప మీదో ఉయ్యాల్లోనో పెట్టాలి. బండి మీదుంటే పక్కకి ఆపాలి, పొయ్యి మీద ఏదన్నా ఉంటే కట్టేయాలి. ఇది పారిపోవడం కిందకి రాదు, తగ్గాక మళ్ళీ వచ్చి ఆ పని పూర్తిచేస్తే చాలు. నేను నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి లోపలికి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి వదిలేదాన్ని. కొందరు కాగితం సంచిలో ఊపిరి తీయమంటారు. వద్దు. ఉన్నది ఉబ్బసమో గుండె జబ్బో అయితే ప్రాణం మీదికొస్తుంది. మొదటిసారి ఛాతీనొప్పి వచ్చినప్పుడు కూడా ప్యానిక్కేలే అని మనకి మనమే తేల్చేసుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మందులూ ఉన్నాయి. రోజూ వాడేవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆల్‌ప్రజొలామ్ లాంటివి గంటలోపే నెమ్మదింపజేస్తాయి గానీ అలవాటు పడిపోయే ప్రమాదముంది, షాపువాడినడిగి కొనుక్కునే సరుకు కాదు. పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. ఎవరినడగాలో తోచకపోతే 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాపకిప్పుడు నాలుగేళ్ళు. మొన్న స్కూలు వ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడ్డప్పుడు చాన్నాళ్ళకి మళ్ళీ ఆ దడ వచ్చింది. "అమ్మా, నీ చెయ్యి తడిగా ఉంది" అంది. "నా గుండె పరుగెత్తుతోంది నాన్నా, కాసేపట్లో ఆగుతుంది" అన్నాను. "ఎక్కడికి పరుగెత్తుతోంది?" అని అడిగింది. జవాబు వెతుక్కునేలోపు వ్యాన్ వచ్చేసింది.