రవిక చాటు మచ్చ

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటిదాకా పిల్ల గుండెకు చిల్లు ఉందంటే పాలమూరులో పొలం అమ్మాలి, లేదా దేవుడి మీద భారం వేయాలి. కార్డు వచ్చాక ఎందరికో హైదరాబాద్‌లో ఆపరేషన్లు అయ్యాయి. అప్పటి ఐదారేళ్ల ఆడపిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు కావస్తున్నాయి. కడుపుతో వచ్చి ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు) ముందు కూర్చునే వాళ్లలో వీళ్లూ ఉన్నారు.

ఉన్నారని తెలియడమే కష్టం. సంబంధం చెడుతుందని పెళ్లప్పుడు దాచిన ఇళ్లున్నాయి. రొమ్ము నడుమ నిలువు మచ్చ రవిక చాటునే ఉంటుంది. ఆపరేషన్ కాగితాలు పుట్టింటి పెట్టెలోనో, ముంబై, పుణే వలసల్లో ఎక్కడ పోయాయో. అత్త పక్కన ఉండగా “చిన్నప్పుడు ఏమన్నా జబ్బు చేసిందామ్మా?” అంటే “ఏం లేదు మేడం” అనక ఏమంటుంది? అత్తను కాసేపు బయట కూర్చోబెట్టాలి.

అసలు మచ్చే ఉండని జబ్బులూ ఉన్నాయి. గుండె కండరం మందమయ్యే జబ్బు చాలా కుటుంబాల్లో తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకు వస్తుంది. వచ్చే అవకాశం సగానికి సగం. దాన్ని పట్టిచ్చేది ఒక్క ప్రశ్న: “మీ ఇంట్ల వయసులో ఉన్నట్టుండి పోయినోళ్లు ఎవరన్నా ఉన్నరా?”

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, ఆ భారం గుండె మీదే. ఆయాసం, కాళ్ల వాపు గుండె జబ్బుకే కాదు, రక్తహీనతలోనూ కనిపిస్తాయి కాబట్టి ఐరన్ గోళీలతో సరిపెడతారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునే మనిషిని మాత్రం అలా పంపకూడదు. కాన్పయ్యాక మొదటి 24 గంటలు ఇంకా గడ్డు. గర్భసంచి ముడుచుకోగానే అక్కడి రక్తం ఒక్కసారిగా గుండె మీద పడుతుంది. రక్తస్రావానికి అలవాటుగా ఇచ్చే మెథర్జిన్ మందు బీపీని ఎగదోస్తుంది, గుండె జబ్బున్న వాళ్లలో చాలామందికి పనికిరాదు.

మంత్రసాని చేతిలోని కాన్పులు 2005 నాటి జననీ సురక్షా యోజన, 2017 నాటి కేసీఆర్ కిట్‌తో ఆస్పత్రులకు మళ్లాయి. అదే 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే) శిక్షణ మొదలుపెట్టాయి. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీకి మార్గదర్శకాలు ఇచ్చింది. మిడ్‌వైఫ్‌కు మామూలు కాన్పులు, చిక్కు కేసులు డాక్టర్లకు అన్నది అందులోని లెక్క. సబబే. చిక్కు కేసులు పంపడానికి మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో మెడికల్ కాలేజీలూ వచ్చాయి.

కానీ గుండె జబ్బున్నా చాలామందికి ఆపరేషన్ లేని కాన్పే మేలు. డాక్టర్ పర్యవేక్షణలోనే అయినా, రాత్రంతా పక్కన ఉండి ఎడమ పక్కకు తిప్పేది, తల ఎత్తుగా పెట్టేది, ఊపిరి బిగబట్టి ముక్కనివ్వకుండా చూసేది మిడ్‌వైఫే.